సర్వీస్ మోడ్‌లో హత్య

రాడార్ సైంటిస్టు ఆర్థర్‌ని చంపింది ఆయన సొంత కారే. భువనేశ్వర్‌లో ఇంటి ముందు వాలులో ఆపిన కారు వెనక్కి దొర్లి ఆయన్ని గోడకేసి నలిపేసింది. హ్యాండ్ బ్రేకు వేయడం మరిచిపోయాడని పోలీసులు చేతులు దులుపుకున్నారు.

"మరుపు కాదు, మర్డర్," అంది గూఢచారి విభాగం చీఫ్ మీనాకుమారి, ఏజెంట్ ఏబెల్‌తో. ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో టైలరింగ్ షాపు వెనక గదిలో బ్రీఫింగ్. "ఇప్పటి కార్లలో లాగే లివర్ లేదు, ఏబెల్. చిన్న స్విచ్ ఎత్తితే వెనక చక్రాల దగ్గర మోటార్లు తిరిగి బ్రేకు ప్యాడ్లను బిగిస్తాయి. వదలాలంటే బ్రేకు పెడల్ తొక్కి స్విచ్ నొక్కాలి. మరి ప్యాడ్లు మార్చేటప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు?"

"స్కానర్ తగిలించి సర్వీస్ మోడ్‌లో పెడతాడు. మోటార్లు వాటంతట అవే వెనక్కి వెళ్తాయి. పెడల్‌తో పని లేదు."

"ఆ కమాండే వాళ్లు ఫోన్‌లోంచి పంపుతున్నారు. స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత పరికరం. ఆఫ్ చేసిన కారుని కూడా నిద్ర లేపుతుంది. విదేశీ ముఠా మన రాడార్ టీమ్‌ని ఏరేస్తోంది. తర్వాతి టార్గెట్ వినీల. తల్లిని చూసుకోవడానికి ఈ ఊరొచ్చింది. స్నేహితురాలి వేషంలో మన ఏంజలిన్ పక్కనే ఉంది. నువ్వు దూరం నుంచి కాపు కాయి. ఆర్థర్‌కి కాపలా నువ్వే కదా? ఇంకో శవం లేస్తే నీ ముఖం నాకు చూపించకు."

ఏబెల్‌కి ఒళ్లు మండింది. కానీ ఆమె అన్నది నిజమే.

మర్నాడు ఉదయం మలంచాలో ఒక క్లినిక్ ర్యాంపు పక్కన లుంగీ, భుజాన గమ్‌ఛా తువ్వాలుతో డాబ్ అమ్ముతూ కూర్చున్నాడు. ఆ కొబ్బరిబోండాల్లో ఒకటి బోండాం కాదు, సిగ్నల్ డిటెక్టర్.

తెల్ల కారు ర్యాంపెక్కి ఆగింది. డ్రైవింగ్ సీట్లోంచి ఏంజలిన్ దిగింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, దారినపోయేవాళ్లు తల తిప్పి చూసే అందం. తిన్నగా బోండాల దగ్గరికొచ్చింది.

"దాదా, మలాయి ఉన్న డాబ్ ఉందా?"

"మలాయి అయిపోయింది దీదీ. నీళ్లే."

కోడ్ కలిసింది. "కారు నేనే చెక్ చేశాను. ఆల్ క్లియర్," అని గొణిగి తిరిగి కారు దగ్గరికెళ్లింది.

వినీల డిక్కీలోంచి వీల్‌చైర్ దించి, తల్లి కృపమ్మని అందులో కూర్చోబెట్టి కారు వెనకవైపుకి తెచ్చింది. కృపమ్మ ఈ ఊరి నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేసి చనిపోయిన పాయింట్స్‌మన్ భార్య.

"ఓలమ్మీ, సక్రం కింద సెక్కెట్టినావా?"

"ఇది ఎలక్ట్రిక్ బ్రేకమ్మా. స్విచ్ ఎత్తితే చాలు."

"ఏటి ఎలట్రిక్కు! బ్రేకు బిగించినా సెక్కెట్టకుండా మీ నాన్న ఏ రోజైనా ఇంటికొచ్చినాడా? ఎట్టు ముందు!"

వినీల విసుక్కుంటూనే చెక్క వెడ్జ్‌ని వెనక టైరు కింద పెట్టింది. నిమ్‌పురా ఇళ్లలో అది పద్ధతి. పెట్టినవాళ్లు తప్ప ఆ చెక్కని ఇంకొకరు తీయరు. పసిపిల్లలు కూడా ముట్టుకోరు.

ఏంజలిన్ ముట్టుకుంది. "కాలికి తగులుతుంది ఆంటీ," అంటూ చెప్పు మొనతో పక్కకి తన్నేసింది.

బోండాం కొడుతున్న ఏబెల్ కత్తి గాల్లోనే ఆగిపోయింది. నేను నిమ్‌పురాలో రైలుపెట్టెలు జరిపే షంటర్ కూతుర్నని ఆఫీసంతా చెప్పుకునే మనిషి! షంటర్ కూతురు ఆ పని చేస్తుందా? చస్తే చేయదు. అంటే తండ్రి అబద్ధం, ఊరు అబద్ధం, ఆర్థర్ శవం దగ్గర ఏడ్చిన ఏడుపూ అబద్ధమే. ఛీ!

అప్పటికే ఏంజలిన్ ఫోన్ మీద వేలు పెట్టింది. డిటెక్టర్ ఎర్రగా వెలిగింది. వెనక చక్రాల్లో మోటార్లు గుర్రుమన్నాయి. గేరు కూడా ఆమె న్యూట్రల్‌లోనే వదిలింది. కారు వెనక్కి కదిలింది. వినీల రిపోర్టుల సంచీ కోసం డిక్కీలోకి వంగి ఉంది. ఆమె వెనకే వీల్‌చైర్.

ఏంజలిన్ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఆమెని వదిలేసి ఏబెల్ నేల మీదికి దూకాడు. చెక్కని అందుకుని టైరు కిందికి తోశాడు. టైరు చెక్క ఎక్కబోయి, ఊగి, ఆగింది. కృపమ్మ మోకాళ్లకీ బంపర్‌కీ మధ్య వినీల ఇరుక్కుని నిలబడింది.

కృపమ్మ చేతికర్రతో ఏబెల్ వీపు మీద ఒక్కటిచ్చింది. "బండి కదిపినోడివి నువ్వేనేటిరా, దొంగ సచ్చినోడా!"

"కొట్టకమ్మా, మనల్ని బతికించాడు!" అంటూ వినీల తల్లిని వాటేసుకుని భోరుమంది.

ఏంజలిన్ రోడ్డు పక్కన సిద్ధంగా ఉంచుకున్న నల్ల కారులోకి దూకింది. ఇంజన్ అరిచింది. కారు కదల్లేదు. ఎక్సలరేటర్ మీద నిలబడినంత పని చేసింది. అయినా కదల్లేదు. ఏబెల్ డోరు తెరిచి డాబ్ కత్తి మెడకి ఆనించాడు. "దిగు."

నిమిషంలో చీఫ్ జీపు వచ్చింది.

"బండి చేతిలో ఉండి ఎలా దొరికింది?" అంది మీనాకుమారి, ఏంజలిన్‌కి సంకెళ్లు బిగిస్తూ.

"ఆ నల్ల కారుదీ ఎలక్ట్రిక్ బ్రేకే, ఆవిడ బెల్టు పెట్టుకోలేదు మేడమ్. బెల్టు ఉంటే ఎక్సలరేటర్ తొక్కగానే ఆ బ్రేకు తనంతట తానే వదులుతుంది, లేకపోతే ఎంత తొక్కినా వదలదు. పెడల్ తొక్కి స్విచ్ నొక్కాలి. కంగారులో కాలు బ్రేకు మీదికి పోలేదు."

ఏంజలిన్ పళ్లు కొరికింది.

"హత్య, హత్యాయత్నం, గూఢచర్యం," అంది మీనాకుమారి. "ఇంకేమైనా రాయాలా?"

"సీటు బెల్టు చలానా కూడా వేయండి మేడమ్. రూల్ రూలే."