అడగని అంకితం

కుర్ర రచయిత మొదటి నవల ఆఖరి ప్రూఫ్ చేతికొచ్చింది. ఆత్రంగా మొదటి పేజీలు తిప్పాడు. కిందామీదా పడి రాసుకున్న అంకితం మీద అడ్డంగా ఎర్రగీత!

గీసింది ప్రూఫ్ రీడర్. పబ్లిషర్ ఆఫీసులో అందరూ ఆమెను ఎర్రపెన్ను అనే పిలుస్తారు. అంకితం కూడా ఆమెకే: 'కామాలతో పాటు నన్నూ సరిదిద్దిన ఎర్రపెన్నుకి.' అది చూసి మురిసిపోతుందని, కాఫీకి పిలిస్తే వస్తుందని, ఆ తర్వాత కథ దానంతటదే నడుస్తుందని లెక్కేసుకున్నాడు పాపం.

సాయంత్రానికి పేజీలు ప్రెస్‌కి వెళ్లాలి. ఆ పేజీ ఖాళీగా ఉంటే తన భార్య పేరు వేసేస్తానని పబ్లిషర్ అప్పటికే బెదిరించాడు.

రచయిత తిన్నగా ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"తప్పేముందండీ ఇందులో?"

"ఏం లేదు. వాక్యం బాగుంది."

"మరి కొట్టేశారేం?"

"అంకితం అంటే ఏంటనుకున్నారు?"

"ఇష్టమైనవాళ్లకి పుస్తకం ఇవ్వడం."

"అది సగమే. అవతలివాళ్లు పుచ్చుకోవడం మిగతా సగం. నన్నడిగారా?"

ఆమె తలెత్తకుండానే చెప్పుకుపోయింది. పూర్వం కవులకి కావ్యం కన్నకూతురితో సమానమట. అంకితమివ్వడమంటే పిల్లనివ్వడమేనట. అవతలివాళ్లు సరేనంటేనే ఇచ్చేవారట. అడగకుండా అచ్చేస్తే, నలుగురూ చదివాక తను కాదంటే పొగరంటారు, ఊరుకుంటే ఒప్పుకుందంటారు.

ఎదురుగా అడిగే ధైర్యం లేకే అచ్చులో పెట్టాడని అతనికి అప్పుడు తట్టింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ పుస్తకం మీకివ్వాలనుంది. పుచ్చుకుంటారా? వద్దంటే పబ్లిషర్ గారి భార్యకి పోతుంది. నేనేమీ అనుకోను. అంటే, అనుకుంటాను. మిమ్మల్ని మాత్రం ఏమీ అనను."

నవ్వు ఆపుకుంటూ ఆమె పేజీ లాక్కుంది. మళ్లీ చదివింది. కొట్టేసిన వాక్యం కింద వరసగా చుక్కలు పెట్టింది.

"ఇంకా తప్పులున్నాయా?" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

"కొట్టేసినదాని కింద చుక్కలు పెడితే, ఉండనివ్వమని."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే... కాఫీకి?"

"వస్తాను. ఆ తర్వాత సంగతి మా నాన్నని అడగాలి. శుభలేఖలు అచ్చేశాక కాదు, ముందే."