చదివి నొక్కిన అమ్మాయి

ఫోన్లో ఏ కంపెనీ ఏం మార్చినా గుహన్ ఒప్పుకుంటాడు. 'మా ప్రైవసీ పాలసీ మారింది' అని కనపడితే చాలు, దోమను కొట్టినట్టు 'ఐ అగ్రీ' మీద టప్పున ఒక్కటి వేసి ముందుకు పోతాడు. ఆ రోజు తిరుత్తణిలో ఎక్కిన లోకల్ బండిలోనూ అదే చేశాడు. పక్క సీట్లో అమ్మాయి ఊరుకోలేదు.

"ఏందన్నా ఇది, ఒక్క లైను కూడా చదవకుండా నొక్కేసినారే. రేపు మీ కిడ్నీ ఇమ్మంటే?"

"పాపం, వాళ్లకేం అవసరమో. ఇచ్చేస్తాం," అన్నాడు గుహన్.

కిడ్నీ మాట అతనికి తగల్లేదు. 'అన్నా' అన్న మాట తగిలింది. ఇంత చక్కటి అమ్మాయి నోట ఆ పిలుపు వినడానికా అతను పొద్దున్నే లేచి తలంటుకున్నది?

అమ్మాయి పేరు యశశ్విని. సొంతూరు పెరియపాళయం. నాన్న గుర్నాథం తిరుత్తణిలో బట్టల అంగడి పెట్టడంతో ఈమధ్యే కాపురం ఇక్కడికి మార్చారు. తిరువళ్లూరులో వెంకటముని అనే వకీలు దగ్గర ఆమె జూనియరు. రోజంతా అగ్రిమెంట్లు చదవడమే పని, కాబట్టి చదవకుండా నొక్కేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బండి అరక్కోణం చేరేలోపే ఇదంతా చెప్పేసి, మీరు రోజూ ఈ బండిలోనేనా అని అడిగింది.

గుహన్‌కి తిరుత్తణిలో పెయింట్ల అంగడి ఉంది. తిరువళ్లూరుకు ఆ ఒక్క రోజే, డీలరును చూడటానికి పోతున్నాడు. కానీ నోరుంది చూశారూ, అది అతన్ని అడిగి మాట్లాడదు.

"ఆమా, రోజూ ఇదే. తిరువళ్లూర్లో ఇన్సూరెన్స్ ఆఫీసు," అనేసింది ఆ నోరు.

ఇంకేముంది, మర్నాటి నుంచి ఉద్యోగం మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున బండెక్కడం, తిరువళ్లూర్లో దిగి ఆమెకు చెయ్యూపి లేని ఆఫీసు వైపు నాలుగడుగులు వేయడం, ఆమె కనుమరుగు కాగానే తర్వాతి బండిలో వెనక్కొచ్చి అంగడి తీయడం. ఇంట్లో వాకింగ్ అని చెప్పాడు. ఇస్త్రీ చొక్కాతో వాకింగ్ ఏందిరా అని తల్లి కన్యకాంబ అడిగితే, డాక్టరు అట్లానే చెప్పినాడన్నాడు.

ఇద్దరూ ఫోన్లలో 'రైల్‌తోడు' అనే యాప్ పెట్టుకున్నారు. బండి ఎక్కడుందో, కలిసి పోయే బండిలో మన తోడు ఏ పెట్టెలో ఎక్కారో అది చూపిస్తుంది. వానలు మొదలయ్యే రోజుల్లో ఆ కంపెనీ కూడా షరతులు మార్చింది. ఇకమీదట ఇద్దరూ ఒప్పుకుంటే ఒకరి ప్రయాణాలన్నీ ఒకరు చూడవచ్చు, పాతవి కూడా. గుహన్ షరా మామూలే, టప్పున నొక్కాడు.

ఆ తర్వాతే యశశ్విని ప్రశ్నలు మొదలయ్యాయి. మీ మేనేజరు పేరేందంది. దొరస్వామి అన్నాడు. ఎట్లాంటి మనిషంది. కోపిష్టి, పైగా షుగరు అన్నాడు. ఇక రోజూ దొరస్వామి సారు షుగరు గురించి విచారణే. ఒకనాడు ఆయన కోసమని కాకరకాయ వేపుడు డబ్బాలో పెట్టి తెచ్చింది. దాన్ని గుహన్ అంగడిలో కూర్చుని తానే తిన్నాడు. సారు ఏమన్నారని మర్నాడు అడిగింది. ఉప్పు తక్కువన్నారు అని చెప్పాడు. పాపం, ఆ ఒక్కటీ నిజమే. ఆమె కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

ఒక శుక్రవారం మాత్రం ఆమె దగ్గలేదు, నవ్వలేదు. ఆదివారం ఆరణి నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారట. వద్దంటే, మరి మనసులో ఎవరున్నారో చెప్పమని నాన్న పట్టుబట్టాడట. గుహన్ రెండు దారులూ లెక్కేసుకున్నాడు. నేనున్నానని చెబితే గుర్నాథం ఇన్సూరెన్స్ ఆఫీసు ఎక్కడని వెతుక్కుంటూ వస్తాడు. చెప్పకపోతే ఈ అమ్మాయి ఆరణికి కోడలైపోతుంది. అతను ఇంకా మింగలేక కక్కలేక ఉండగానే తిరువళ్లూరు వచ్చేసింది.

"నాకింకా టైముంది," అంది ఆమె దిగుతూనే. "మీ ఆఫీసు చూపించండి. దొరస్వామి సార్‌కి వణక్కం చెప్పి పోతా."

బయట వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు, అదీ ఆమెది. గుహన్ ఒక వీధి తిప్పాడు, ఇంకో వీధి తిప్పాడు. ఆఫీసు మార్చినారేమో అన్నాడు. రాత్రికి రాత్రేనా అంది. చివరికి మూసి ఉన్న జెరాక్స్ షాపు చూరు కింద ఆగిపోయాడు.

"ఆఫీసు లేదు. దొరస్వామీ లేడు. నాకు తిరుత్తణిలో పెయింటు అంగడి. మీతో మాట్లాడాలనే రోజూ వచ్చినా. మీరంటే నాకు ప్రాణం. అబద్ధం చెప్పింది తప్పే. ఇప్పుడన్నా నిజం చెప్పకుంటే బతికినన్నాళ్లూ ఏడస్తా కూచుంటా."

యశశ్విని ఫోను తీసి అతని ప్రయాణాలు అతనికే చూపించింది. వచ్చిన బండి, వెంటనే వెనక్కి పోయిన బండి, వరసగా అన్ని రోజులూ ఉన్నాయి. షరతులు మారిన రోజు నుంచీ ఆమెకు తెలుసు. గుహన్‌కి ముందు సిగ్గేసింది, వెనకే కోపం వచ్చింది.

"తెలిసే నన్ను ఆడించినారా? కాకరకాయ కూడా తినిపించినారే."

"మిమ్మల్ని ఎవరు తినమన్నారు, సార్‌కి గదా ఇచ్చింది." అంతలో ఆమె గొంతు తగ్గింది. "మీకు నావి కూడా కనపడతాయి. ఎప్పుడన్నా చూసినారా?"

చూడలేదు. కనపడతాయన్న సంగతే తెలీదు. ఇప్పుడు తెరిచాడు. ఆమె కూడా రోజూ తిరువళ్లూర్లో దిగి, అతనెక్కిన బండిలోనే లేడీస్ పెట్టె ఎక్కి, అరక్కోణంలో దిగుతోంది. వెంకటముని తన ఆఫీసును అరక్కోణం కోర్టు దగ్గరికి మార్చి చాలా రోజులైందట. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకే బండిలో, ఆమెకు తెలియదనుకుని అతను, అతనికి తెలియకుండా ఆమె, దాక్కుని వెనక్కి పోతున్నారు.

"అరక్కోణంలోనే దిగిపోతే మీతో ఇరవై నిమిషాలే," అంది తల వంచుకుని. "నాకు చాల్లేదు."

"మీరు దేనికీ ఊరికే ఒప్పుకోరే. దీనికి ఎందుకు నొక్కినారు?"

"మొత్తం చదివినా. నావన్నీ మీకు కనపడతాయని రాసుండాది. కనపడాలనే నొక్కినా. ఈ పొద్దు చూస్తారు, రేపు చూస్తారు అని నేను కాచుకోనుంటే, మీరు దొరస్వామికి షుగరు ఎక్కిస్తా దించతా కూచున్నారు."

గుహన్ నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, వాన నీళ్లని చెప్పాడు. ఆమె నమ్మినట్టు తలూపింది. మా నాయన పది దాకా ఇంట్లోనే ఉంటాడు, అడిగేదుంటే ఇయ్యాళే వచ్చి అడగండి, పెయింటు అంగడని ధైర్యంగా చెప్పండి అంది. గుహన్ సరేనన్నాడు.

వెనక్కి పోయే బండిలో మొదటిసారి ఇద్దరూ ఒకే పెట్టె ఎక్కారు. గుర్నాథం ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో గుహన్ దారంతా పాఠంలా అప్పజెబుతూ పోయాడు, ఆమె తప్పులు దిద్దుతూ వచ్చింది. అరక్కోణంలో బండి ఆగింది. యశశ్విని దిగలేదు.