ఆది జాకెట్టు

గరివిడిలో కుమారి కుట్టుపని నేర్చుకున్నది ఫోన్లో వీడియోలు చూసి. మొదటి జాకెట్టు పక్కింటి గున్నమ్మకి కుట్టింది. అందులో గున్నమ్మకి ఒక్క చెయ్యే దూరింది. "రెండో సెయ్యి లేనోళ్ళకి కుట్టాను పిన్నీ," అని, ఎవరూ నవ్వకముందే తానే నవ్వేసింది కుమారి.

కూతురు రేఖ డిగ్రీలో చేరింది. మర్నాడే ఫ్రెషర్స్ డే. కొత్త టాపు లేకపోతే దానికి వెళ్ళనని పొద్దున్న అలిగి మరీ కాలేజీకి పోయింది. కుమారి సంతలో పాతబట్టల కుప్ప తిరగేసి ఆకుపచ్చ పట్టుచీర ఒకటి పట్టుకొచ్చింది. విప్పితే మడతల్లో అదే రంగు జాకెట్టు. కొలతలకి రేఖ ఇంట్లో లేదు. జాకెట్టు ఎత్తి చూస్తే కూతురి ఒడ్డూ పొడుగూ అంతే అనిపించింది. దాన్నే కొలతకి ఆదిగా చీర మీద పరిచి, సుద్దతో గీసి, కత్తెర వేసింది.

గడపలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న గున్నమ్మ చెయ్యి ఆగింది.

"ఒసే, ఎవులిదే ఆ జాకెట్టు?"

"ఏమో పిన్నీ, సీరతో వచ్చినాది."

"ముక్కూ మొకం తెలీనోళ్ళ ఆది పెట్టి కత్తిరించీసినావేటి? ఆది ఎవులిదో బట్ట ఆళ్ళదే. కుట్టీసాక ఆది కూడా తిరిగి అడుగుతారు, సూసుకో."

"అడగనీ. నా కుట్టు సూస్తే ఆళ్ళే పారిపోతారు."

పొద్దువాలేసరికి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. కుమారి చార్జింగ్ లైటు మిషను పక్కన పెట్టుకుని తొక్కుతోంది. రోజూ వచ్చే ఫ్యాక్టరీ పొగ వాసన లేదు. ఎండుచేపల వాసన... ఉప్పునీటి చెమ్మ. సముద్రమెక్కడ, గరివిడెక్కడ! గున్నమ్మ కూర వండుతోంది కాబోలు అనుకుంది.

వెనక తడికాళ్ళ చప్పుడు.

"అయిపోనాదేటి?"

గొంతు కొంచెం బొంగురుపోయింది. తడిసింది కదా పిల్ల. సూదిలో దారం ఎక్కిస్తూ కుమారి తలెత్తలేదు.

"ఒచ్చీసినావా? సేతులొక్కటే కుట్టాలి."

"పొడుగ్గా పెట్టు. నా సేతులు పొడుగు."

"కోతి సేతులేటే నీవి? సర్లే, పెడతాను." వేళ్ళు కూడా మునిగేంత పొడుగు పెట్టి అతికించింది.

"నాకే గదా?" చెవి పక్కనే, గుసగుసగా.

"నీకు కాకపోతే ఎవులికే?"

ఫోను మోగింది. రేఖ.

"అమ్మా, వానకి బస్సు సీపురుపల్లిలో ఆగిపోనాది. ఇప్పుడే కదిలినాది. నువ్వు కంగారు పడకు."

కుమారి మిషను ఆపేసింది. మెల్లగా తిరిగింది... ఎవరూ లేరు. గడప నుంచి తన కుర్చీ దాకా తడి అడుగులు. వచ్చినవే. పోయినవి లేవు.

టాపు పీకెయ్యాలని పట్టి లాగింది. తుమ్మితే ఊడిపోయే తన కుట్లు... అరగంట పీకినా ఒక్కటీ ఊడలేదు. బ్లేడు పెట్టి కోయబోతే జారి వేలు తెగింది. ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు తగలబెడదామా అనుకుంటూ, ముందు ఆ జాకెట్టుని పట్టుకెళ్ళి వంటింట్లో బియ్యం డబ్బా అడుగుకి తోసింది.

కరెంటు వచ్చింది. టాపు కోసం గదిలోకి పరిగెత్తుకొచ్చింది.

ఎప్పుడొచ్చిందో, అద్దం ముందు రేఖ. తడిజుట్టు. ఒంటి మీద ఆకుపచ్చ టాపు.

"ఎంత బావుందో సూడమ్మా! నువ్వేనా కుట్టింది?"

వేళ్ళు మునగాల్సిన టాపు చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి.

"తీసెయ్యే... తీసెయ్, బేగి!"

మూతి ముడుచుకుని రేఖ టాపు విప్పింది. ఇంట్లో వేసుకునే నిండుచేతుల చొక్కా తొడుక్కుంది. దాని చేతులు మోచేతి కిందే ఆగిపోయాయి.

"దీన్ని ఉతికీసినావేటి? ముడుసుకుపోనాది."

కుమారి ఉతకలేదు. పొద్దున్న రేఖ విప్పి దండెం మీద పడేసిందే అది.

రేఖ గదంతా వెతుకుతున్నట్టు చూసింది. మిషను కింద చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా," అంది, కొంచెం బొంగురుగా. "నా జాకెట్టేదీ?"