రెండో టేక్

కోయిల మేకప్ రూమ్‌లో, అద్దం ముందు కుర్చీలోనే ఉంది. మెడకి హెయిర్ డ్రయర్ వైరు బిగించి ఉంది. ఊపిరి లేదు. జుట్టు నిండా బంగారు రంగు కాగితం ముక్కలు. గెలిచినవాళ్ళ మీద స్టేజీ పైనుంచి కురిపించే ముక్కలు.

కోయిల అన్నది ఛానెల్ పెట్టిన పేరు. పాటల పోటీ ఫైనల్లో ఇద్దరే మిగిలారు. కోయిల, మెరుపు.

ఇన్‌స్పెక్టర్ ఆ వైరుని తన చేత్తోనే విప్పింది.

స్టూడియో గేటు బయట జనం వీరంగం వేస్తున్నారు. పోయిన వారం ఓట్లు చాలలేదని వాళ్ళ అభిమాన గాయకుణ్ణి ఇంటికి పంపేశారు. కోయిలకి దొంగ ఓట్లు పడ్డాయని అప్పట్నుంచీ దుమ్మెత్తిపోస్తున్నారు. ఆ పిల్ల ఫోటోలు కూడా తగలబెట్టారు. ఒక్కసారైనా ఎదురుపడని పిల్లని అన్నేసి మాటలనడానికి నోరెలా వచ్చిందో!

"ఆ జనంలోంచే ఎవడో దూరాడు మేడమ్" అన్నాడు ప్రొడ్యూసర్.

"గేటు ఎప్పుడు మూశారు?"

"పొద్దున్నే. ప్రేక్షకులు లోపలికి రాగానే."

"మళ్ళీ తీశారా?"

"తీస్తే మమ్మల్ని బతకనిస్తారా?"

"మరి వాడెలా దూరాడు?"

ప్రొడ్యూసర్ వాచీ చూసుకున్నాడు.

"గెలిచింది ఈ అమ్మాయేనా?"

"ఇంకా ఎవరూ గెలవలేదండీ. ఓటింగ్ రేపటిదాకా ఉంది. అందుకే రెండు టేకులు. ఒకదాంట్లో కోయిల గెలుస్తుంది, ఇంకోదాంట్లో మెరుపు. రేపు లెక్క తేలాక ఏది నిజమైతే అది వేస్తాం. తెర మూలన లైవ్ అని రాసి."

చెప్పడానికి సిగ్గు కూడా పడలేదు మహానుభావుడు.

"రెండూ తీశారా?"

"మొదటిది తీశాం. రెండోదానికి స్టేజీ ఊడుస్తుంటే ఈ ఘోరం."

"ఇదంతా ఉత్తుత్తిదని లోపల అందరికీ తెలుసా?"

"ఫ్లోర్ మేనేజర్ ముందే మైకులో చెప్పాడు. ఓడినవాళ్ళ తాలూకు మనుషులు బాగా ఏడవాలని కూడా చెప్పాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ టేక్ చూస్తానంది.

డైరెక్టర్ మహా సంబరంగా వేసి చూపించాడు. "మెరుపు వాళ్ళ నాన్నగారిని చూడండి మేడమ్. సీజన్ మొత్తం మీద ఇంత సహజంగా ఎవరూ చెయ్యలేదు!"

మెరుపు రాని కన్నీళ్ళు తుడుచుకుంటూ, వేళ్ళ సందుల్లోంచి కెమెరా వైపు చూస్తోంది. వాళ్ళ నాన్న కెమెరా వైపే చూడలేదు. ఏడవనూ లేదు. పళ్ళు బిగించి కోయిలనే చూస్తున్నాడు. కాసేపటికి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ అతని కారు డిక్కీ తీయించింది.

తర్వాత అందర్నీ స్టేజీ మీదికి పిలిచింది. డిక్కీలో దొరికిన సంచీ బోర్లించింది. టపటపమంటూ ఫోన్లు పడ్డాయి.

"ఇవి మీవేనా?" అని మెరుపు తండ్రిని అడిగింది.

"అవును. కూతురికి ఓటెయ్యడం నేరమా?"

"ఫ్లోర్ మేనేజర్ మైకులో మాట్లాడేటప్పుడు ఎక్కడున్నారు?"

"హాల్లోనే."

"ఏం చెప్పాడు?"

అతను ఫోన్ల కుప్ప వైపు చూశాడు.

"కార్లో కూర్చుని ఓట్లు గుద్దుతున్నారు. ఫోన్లలో అంతా ఉంది. లోపలికొచ్చేసరికి టేక్ మొదలైపోయింది. ఆ తర్వాత వీటిలోంచి ఒక్క ఓటు కూడా పడలేదు. వారం నుంచీ తిండి మానేసి గుద్దిన మనిషి, ఇంకా రేపటిదాకా టైముండగా ఎందుకు ఆపేశారు?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయిపోయిందనుకున్నారు. ఇక్కడ అందరూ నటించారు. మీరొక్కరే నమ్మారు."

"నాన్నా, అది ఉత్తుత్తి షూటింగే కదా! నీకు తెలీదా?" అంది మెరుపు.

అతను కూతురి వైపు చూడలేకపోయాడు.

"కప్పు వదులుకోమ్మా అని బతిమాలదామనే వెళ్ళాను. పకపకా నవ్వింది. 'అయ్యో అంకుల్, అదీ...' అంటూ ఏదో చెప్పబోయింది. ఆ నవ్వు చూసి ఒళ్ళు తెలీలేదు. చెప్పనివ్వలేదు."



"ఇప్పటిదాకా పడ్డ ఓట్లు అడిగి తెలుసుకున్నాను" అంది ఇన్‌స్పెక్టర్. "మీ అమ్మాయే చాలా ముందుంది. మీ ఫోన్ల ఓట్లు చెల్లవని ఛానెల్ ఎప్పుడో కొట్టేసింది. అవేవీ లేకుండానే గెలుస్తోంది."

ఆ మాట చెప్పకపోయినా కేసుకి వచ్చిన లోటేం లేదు. కావాలనే చెప్పింది. చెప్పి, అతని మొహం తృప్తిగా చూసింది.

అతను ఆ రంగు కాగితాల మధ్య కూలబడ్డాడు.

గేటు దగ్గర అప్పుడే పాట మారింది. పొద్దున దుమ్మెత్తిపోసిన నోళ్ళే ఇప్పుడు కోయిలకి న్యాయం కావాలని అరుస్తున్నాయి. ప్రొడ్యూసర్ చెవి అటు వేశాడు.

"మేడమ్, రెండో టేక్ ఎలాగూ లేదు. ఉన్నదొక్కటే. రేపు కోయిల గెలిచినట్టే వేసేస్తాం. జనం కూడా చల్లబడతారు."

"మరి నా ఓట్లు?" అంది మెరుపు.

ప్రొడ్యూసర్ అప్పటికే ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

అతన్ని జీపు ఎక్కిస్తుంటే మెరుపు స్టేజీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చింది. బేడీలున్న చేతులు ఆమె వైపు చాచాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఇంకాసేపు కూర్చునుంటే నేను గెలవడం చూసేవాడివిగా నాన్నా" అంది.