వదిలేసిన ఫైలు

"యజమానికి జీతమేమిటండీ?"

అకౌంట్స్ ఆఫీసులో కొత్తగా చేరిన యువకుడు ఆ మాటంటూనే, టైలరమ్మ రాసుకొచ్చిన షాపు ఖర్చుల్లో చివరి వరుసని ఎర్రపెన్నుతో కొట్టేశాడు.

"పొద్దుటినుంచీ మిషను తొక్కేది నేను. కుట్టే అమ్మాయికి జీతం ఉంచారు, ఊడ్చే ఆవిడకి ఉంచారు. నాది మాత్రం కొట్టేశారు," అంది ఆమె.

"వాళ్ళు పనివాళ్ళు. షాపు మీ ఒక్కరిదే కాబట్టి లెక్కల్లో మీరూ షాపూ వేరు కాదు. మీరు తీసుకున్నది సొంత వాడకం. దాన్ని మీ పెట్టుబడిలోంచి తగ్గిస్తాం."

"అయితే నా కష్టం లెక్కకే రాదన్నమాట."

"లాభమంతా మీదే కదండీ."

"ఏదీ, చూపించండి."

అతను కాగితం చూశాడు. చూపించేంత లాభం లేదు. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. ఆమెకి ఒళ్ళు మండింది. బయట వాన దంచి కొడుతోంది గానీ, లేకపోతే అప్పుడే లేచి వచ్చేసేది. వాన తగ్గేదాకా కూర్చుంది. కొంప మునిగింది అక్కడే.

షాపులో మేనత్త కాజాలు కుడుతూ అడిగింది. "ఇంతకీ ఆ ఎర్రపెన్ను ఎలా ఉంటాడే?"

"ఎలా ఉంటే మనకేంటి? చొక్కా భుజాల దగ్గర జారిపోతూ ఉంటుంది. అది కుట్టినవాణ్ణి తన్నాలి."

"భుజాలదాకా చూశావన్నమాట," అని అత్త సూదిలో దారం ఎక్కించుకుంది.

మరుసటేడు అత్త తన డబ్బు కూడా పెట్టి షాపులో భాగం తీసుకుంది. ఏడాది చివర మిగిలిన బట్ట లెక్క రాసుకోవడానికి ఎర్రపెన్ను షాపుకే వచ్చాడు. ఆమె ఒక్కో బట్ట తాను విప్పి కొలిచేది, అతను రాసేవాడు. కొలిచిన తానునే మళ్ళీ కొలిపించాడు. అత్త చూసింది గానీ పైకి ఏమీ అనలేదు.

"ఇప్పుడిది భాగస్వామ్యం కదా, మీకు జీతం రాయొచ్చు," అన్నాడు, వరమిచ్చినట్టు.

"ఖర్చుల్లోనా?"

"ఖర్చుల్లో కాదు. లాభం తేలాక, ఇద్దరూ పంచుకునే చోట."

"ఖర్చుల్లోకి ఎప్పటికీ రానన్నమాట."

"కంపెనీ పెట్టండి, వస్తారు. అప్పుడు కంపెనీ వేరు, మీరు వేరు."

"జీతం కోసం నాకు నేనే వేరైపోవాలా?"

అతను ఆమెని చూసి పెన్ను మూత పెట్టేశాడు. "వద్దులెండి. ఇలాగే బాగుంది."

ఆ ఏడంతా అతనికి ఏదో ఒకటి చిరుగుతూనే ఉంది. ఓసారి కాలరు, ఓసారి జేబు. ఆమె కంటికొలతతోనే అతనికో చొక్కా కుట్టింది. కాజాలు అత్త కుట్టింది. లెక్కలకి వచ్చినరోజు చేతిలో పెట్టి, మనసులో మాట చెప్పేద్దామనుకుంది.

లెక్కలకి వేరే ఆయన వచ్చాడు, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ.

"ఆయన మీ ఫైలు వదిలేశారమ్మా. తనే అడిగి మార్పించుకున్నారు."

"ఎందుకట?"

"చెప్పలేదు."

ఆమె చొక్కాని బీరువా అడుగున పడేసింది.

మర్నాడు ఎర్రపెన్ను గొడుగుతో గుమ్మంలోకి వచ్చాడు. ఆమె మిషను ఆపలేదు.

"మీతో ఒక మాట చెప్పాలి."

"లెక్కలు కొత్తాయన చూస్తున్నారు కదండీ."

"నేను లెక్కల కోసం రాలేదు."

"లెక్కలు కాక మీకూ మాకూ ఏముంది?"

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"గొడుగు తెరవకుండా వానలో పోతున్నాడే," అంది అత్త. "పిలవనా?"

"వద్దు."

ఆ వద్దన్న మాటని ఆమె తర్వాత ఎంత నమిలినా మింగుడు పడలేదు. వేరే ఊళ్ళో పెద్ద యూనిఫాం ఆర్డరు దొరికితే షాపు అక్కడికి మార్చేశారు. పని పెరిగింది, ఏళ్ళు గడిచాయి. సంబంధాలు వచ్చినప్పుడల్లా ఆమె తీరిక లేదనేది. అత్త ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం కాజాలు కుట్టి, ఒక చలికాలంలో కన్నుమూసింది. ఇద్దరిలో ఒకరు పోయారు కాబట్టి భాగస్వామ్యం ముగిసింది. అన్నయ్యని పేరుకి కలుపుకుని ఆమె కంపెనీ పెట్టింది.

కంపెనీ లెక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన పెద్దావిడ కాగితాలు తెరవకముందే అడిగింది. "మా ఆఫీసులో మీ చుట్టాలెవరైనా ఉన్నారా అమ్మా?"

"లేరండీ. ఎందుకు?"

"ఉంటే వాళ్ళు మీ లెక్కలు ముట్టుకోకూడదు. సొంతవాళ్ళ లెక్క నిష్పక్షపాతంగా చూడలేరని. అసలు పెళ్ళి చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా సరే, మాలో నిజాయితీపరులు ముందు ఆ ఫైలు వదిలేస్తారు. ఆ తర్వాతే మాట కదుపుతారు."

టైలరమ్మ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ముందు ఫైలు. మర్నాడు మాట. ఆ మాటని గుమ్మంలోనే నొక్కేసింది తనే.

ఆ వారమే పాత ఊరికి బస్సెక్కింది. పాత ఆఫీసులో అదే బల్ల. ఎర్రపెన్నుకి చెంపలు నెరిశాయి. ఆమెని చూసి లేచి, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"కంపెనీ పెట్టానండీ," అంది.

"అయితే జీతం?"

"ఖర్చుల్లోనే రాస్తున్నారు. తీసుకెళ్ళి చూపించడానికే ఎవరూ లేరు. అత్త పోయింది."

అతను తల దించుకున్నాడు.

"మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని ఆమె భయపడుతూనే అడిగింది.

"అందరూ అంటే నేనే."

ఆమె ఫైలు బల్లమీద పెట్టింది. "మా లెక్కలు మీరు చేయాలి."

అతను ఫైలు తెరవలేదు. కాసేపు దానిమీద చెయ్యి వేసి ఉంచి, పక్క బల్ల దగ్గరున్న అమ్మాయి వైపు జరిపాడు. "ఇది నువ్వు చూడమ్మా."

"ఎందుకు సార్?"

అతను చేతిలో పెన్నుకి మూత పెట్టాడు.

"అప్పుడు చెప్పకుండా వదిలేశారు," అంది టైలరమ్మ. "ఈసారైనా ఎందుకో చెప్పి వదలండి."

"ఈవిణ్ణి పెళ్ళి చేసుకోవాలని ఉందమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో, చూపు మాత్రం టైలరమ్మ మీదే ఉంచి. "ఎప్పటినుంచో ఉంది."

ఆమె సంచీలోంచి చొక్కా తీసి అతని భుజాలకి ఆనించి చూసింది. ఒకప్పుడు సరిగ్గా సరిపోయేది.

"ఇప్పుడు పట్టదు కదా," అన్నాడు దిగులుగా.

"లోపల బట్ట వదిలే కుట్టాను. విప్పి వదులు చేస్తాను." వేలితో ఒక కాజా తడిమి ఆగింది. "ఇవి మాత్రం విప్పను. అత్త కుట్టింది."