పిడికిట్లో పదకొండు నిమిషాలు

నాలుగోసారి కూడా అంకె అరవై దగ్గరే ఆగిపోయింది. డాక్టర్ శర్వాణి రోబో చేతిని ఆపేసి తల పట్టుకుంది.

గుండారం బడిలో బిగించిన, ఆ అంకె చూపే యంత్రం పేరు శోథమాపిని. ఊరివాళ్లకు మాత్రం వాపు మిషను. బొట్టుబిళ్లంత సెన్సర్‌ను చర్మానికి అంటిస్తే, లోపల వాపు పుట్టించే రసాయనాలు ఎంత ఉన్నాయో లెక్కగట్టి చెబుతుంది. మంచి మోకాలికి పది. కల్లుగీసే లస్మాగౌడ్ మోకాలికి ఎనభై! పాపం, రెండు నెలలుగా ఆయన చెట్టెక్కలేదు.

నాటువైద్యం చేసే బుచ్చవ్వ ఆకుకట్టు కడితే ఇలాంటి వాపులు ఇట్టే దిగుతాయని ఊరంతా అంటుంది. పరీక్ష తేలేదాకా కట్టొద్దని పైవాళ్లు ఆమెను ఆపారు. ఆకు రహస్యమేం కాదు, కంచెల్లో పెరిగే వావిలే. దాన్నే ఐస్‌పెట్టెలో తెచ్చి, రోబోతో నూరించి కట్టినా అంకె అరవై కిందికి దిగదు. మధ్యాహ్నం వైద్యశాఖ కమిటీ వస్తోంది. అప్పటికీ ఇంతే అయితే బుచ్చవ్వ వైద్యం బూటకమని రాసి, శాశ్వతంగా మాన్పిస్తారు.

"నడువు బిడ్డా, నేనే తెంపుత," అంటూ గడప దగ్గర కూర్చున్న బుచ్చవ్వ లేచింది.

వాగు గట్టున ఆమె గుప్పెడు ఆకు దూసి, నలిపి, పిడికిలి బిగించింది. "ఎన్ని ఆకులవ్వా?" అని శర్వాణి అడిగిందో లేదో, బుచ్చవ్వ ఆకంతా కింద పారేసింది.

"తెంపినంక పలుకరియ్యద్దు బిడ్డా! కట్టు కట్టేదాక మాట్లాడితే మందు చస్తది. మా అవ్వ గట్లనే చెప్పింది."

శర్వాణికి నవ్వొచ్చింది. బుచ్చవ్వ మరో కొమ్మ వెతుక్కుంటుంటే, పారేసిన ఆకును ఏరి పిడికిట పట్టి, జేబులోని సెన్సర్‌ను ఊరికే దానికి అంటించి చూసింది. నవ్వు ఆగిపోయింది. నలిగిన ఆకు చేతివేడికి కొత్త రసాయనమొకటి పుట్టి పెరుగుతోంది. సరిగ్గా పదకొండు నిమిషాలకు విరిగి సున్నా అయింది. ఐస్‌పెట్టెలో అది పుట్టనే లేదు! దారిలో ఎవరూ ఆపి కబుర్లు పెట్టకూడదనే, ఎప్పుడో ఏ ముసలమ్మో ఈ మౌన నియమం పెట్టిందన్నమాట. శర్వాణికి ఎగిరి కేక వెయ్యాలనిపించింది. కానీ అప్పటికే బుచ్చవ్వ మళ్లీ ఆకు దూసింది.

బడి గేటులో కమిటీ ముందే దిగి ఉంది. చైర్మన్ అడ్డంగా నిలబడి, "ఏమమ్మా, ఆ మందేమిటి?" అన్నాడు. బుచ్చవ్వ ఆయన పక్కనుంచి జరిగి వెళ్లిపోయింది.

"నిన్నే అడిగేది!"

శర్వాణి నోరు మెదపకుండా చైర్మన్‌కు రెండు చేతులా దండం పెట్టి పక్కకు జరిపింది.

ఆకు తెంపిన పదో నిమిషంలో లస్మాగౌడ్ మోకాలికి కట్టు ముడిపడింది. బుచ్చవ్వ వెనక్కి తిరిగి, "ఇగ చెప్పు సారూ, ఏమో అడుగుతుంటివి?" అంది.

సారు అంకెలకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అరవై, నలభై, గంటలో పంతొమ్మిది. లస్మాగౌడ్ చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని లేచి నడిచాడు. బడి ఈలలతో హోరెత్తింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: మందాకు తెంపినవాళ్లను దారిలో ఎవరూ పలకరించకూడదు. మైకు కట్టిన ఆటో ఆ మాటే ఊరూరా చాటుతూ గుండారం చేరింది. మలుపులో పిడికిలి బిగించి వస్తున్న బుచ్చవ్వను చూడగానే డ్రైవర్ ఉండబట్టలేకపోయాడు.

"నమస్తే బుచ్చవ్వా! నీ ముచ్చటే చెప్తున్న!" అన్నాడు మైకులోనే.

బుచ్చవ్వ పిడికిలి విప్పింది. ఆకంతా రోడ్డుమీద రాలింది. తాటిచెట్టు మీద లస్మాగౌడ్ పగలబడి నవ్వుతుంటే, ఆమె మళ్లీ కంచె దారి పట్టింది.