అలౌ నొక్కిన వేలు

మౌస్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

అయినా బాణం కదులుతోంది.

ఆమె చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. స్క్రీన్ మీద బాణం మాత్రం మెల్లగా... తీరిగ్గా... వీడియో కాల్ బొమ్మ వైపు పాకుతోంది.

దాని పక్కన ఆగింది. కాపలా కాస్తున్నట్టు.

బయట వాన. గదిలో టేబుల్ లైట్ ఒక్కటే.

"ఉన్నావా?" చేతిలోని ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుని గుసగుసగా అంది. "ఎవడో నా కంప్యూటర్లో తిరుగుతున్నాడు."

"కంగారు పడకు వదినా." అవతల మరిది. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. "ఫైర్‌వాల్ ఆపేశావా?"

"నువ్వు చెప్పగానే ఆపేశాను."

"యాంటీవైరస్?"

"అదీ ఆపాను. ఎర్రగా అరుస్తోంది."

"అరవనీ. అవి రెండూ ఉంటే నేను లోపలికి రాలేను. ఊరవతల ఉన్నాను కదా, ఇక్కడ నెట్ సరిగ్గా లేదు. ఇంకా కనెక్ట్ అవ్వలేదు. నాకేం కనపడట్లేదు."

"తొందరగా రా బాబూ. చెల్లి కాల్ చేసే టైమైంది."

చెల్లి.



చెల్లి పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేసేది. ఒక రాత్రి బంకు ముందు కారులోంచి ఒక మనిషిని ఈడ్చి కాల్చేశారు. కాల్చినవాడి మొహం చెల్లి చూసింది. రేపు కోర్టులో ఆ మొహాన్ని వేలెత్తి చూపించాలి.

అప్పటిదాకా ఆమె బతికుండాలి.

ఎక్కడ దాక్కుందో అక్కకి కూడా తెలియదు. చెల్లి దగ్గర ఫోన్ లేదు. రోజూ రాత్రి ఈ కంప్యూటర్‌కి ఒక్క వీడియో కాల్. అంతే. అవ్వగానే చోటు మార్చేస్తుంది; ఈ రాత్రి మాత్రం కోర్టు టైమ్ దాకా కదలకూడదు.

కేసు చూసే ఆఫీసర్ మొదటిరోజే హెచ్చరించాడు. ఈ కంప్యూటర్లోకి ఎవడైనా దూరితే, కాల్ ఎత్తిన మరుక్షణం చెల్లి ఎక్కడుందో వాడికి తెలిసిపోతుంది.

అందుకే మరిది వచ్చి కొత్త యాంటీవైరస్ వేశాడు. ఫైర్‌వాల్ పెట్టాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు కూడా. "యాంటీవైరస్ ఇంట్లో దూరిన దొంగని పట్టుకుంటుంది వదినా. ఫైర్‌వాల్ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికొచ్చేవాడినీ బయటికి పోయేవాడినీ ఆపి అడుగుతుంది."

అడిగేది. రోజూ అడిగేది.

చిన్న పెట్టె పైకి లేచేది. 'ఫలానా ప్రోగ్రామ్ బయటికి పంపాలనుకుంటోంది. అలౌ? బ్లాక్?'

ఆమెది సినిమాలకి సబ్‌టైటిల్స్ రాసే పని. హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకుని తెర మీద ప్రతి మాటా వింటుంది. కామా కూడా వదలదు. కానీ ఆ పెట్టెలో ఏం రాసుందో ఒక్కరోజు చదివితే ఒట్టు. పని మధ్యలో అడ్డం. ఈగని తోలినట్టు... అలౌ. అలౌ. అలౌ.

"వదినా." మరిది గొంతు తగ్గింది. "ఒక మాట చెప్తాను, బయటికి వినపడనివ్వకు. నా లెక్క ప్రకారం వాడు బయటినుంచి రాలేదు. మీ వైఫై లోనే ఉన్నాడు."

"అంటే?"

"అంటే ఇంట్లో ఉన్నాడు. అన్నయ్య నైట్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంకెవరున్నారు?"

ఆమె తల మెల్లగా తలుపు వైపు తిరిగింది.

హాల్లో బాబాయ్.

సొంత బాబాయ్ కాదు. కాపలాకి వేసిన కానిస్టేబుల్. వారం తిరక్కుండానే ఇంట్లో మనిషైపోయాడు.

"ఛ. ఆయనా?"

"డబ్బు చేదా వదినా? లేచి తలుపు గడియ పెట్టు. చెల్లితో మాట్లాడాక వెనక బాల్కనీ మెట్ల మీంచి దిగిపో. నేను మనిషిని పంపిస్తా."

ఆమె లేచింది. 

గడియ... టక్.

ఆ చప్పుడుకి బయట కుర్చీ కిర్రుమంది.

"అమ్మాయ్?" బాబాయ్ గొంతు. "తలుపేసుకున్నావేంటి?"

ఆమె మళ్ళీ స్క్రీన్ ముందుకొచ్చింది.

"పోనీలే. టీ పెడుతున్నా, కాస్త తాగుతావా? నీ మొహం చూస్తే జ్వరం వచ్చేలా ఉంది."

అడుగులు తలుపు దాకా వచ్చాయి. ఆగాయి. వెనక్కి వెళ్ళాయి.

తర్వాత ఇంకో చప్పుడు.

టిక్. టిక్. టిక్ టిక్.

బాబాయ్ ఫోన్‌లో పాము ఆట. బటన్ల ఫోన్. వెనక మూత ఊడిపోతే రబ్బర్ బ్యాండ్ వేసి కట్టాడు. 'నా ఫోన్‌కి వైరస్ రాదమ్మా, అదొచ్చినా దీన్ని చూసి జాలిపడి వెళ్ళిపోతుంది' అని నవ్వుతాడు.

టిక్. టిక్.

ఆ ఫోన్‌కి వైఫై ఎక్కడిది?



అప్పుడే మోగింది.

చెల్లి కాల్!

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్స్‌లో సన్నగా, దోమ రొదంత. చెవికి ఆనించుకుంటే తప్ప ఎవరికీ వినపడదు. స్పీకర్లు లేవు. ఫోన్‌లో ఉన్నవాడికి వినపడే దారే లేదు.

"ఎత్తు వదినా," అన్నాడు మరిది.

ఆమె చేతిలోని ఫోన్ వైపు చూసింది.

"ఎత్తు. పాపం పిల్ల ఎదురుచూస్తుంది."

"నీకేం కనపడట్లేదన్నావు," అంది ఆమె.



బయట వీధిలో ఎవడిదో కారు హారన్. పొడుగ్గా మోగింది. అదే హారన్ ఫోన్‌లో కూడా... అంతే పొడుగ్గా.

ఊరవతల ఉన్న మనిషి ఫోన్‌లో, తన వీధి హారన్.

చెయ్యి దానంతటదే మౌస్ మీదికెళ్ళింది. బాణం ఎదురు లాగుతోంది. అటు వాడు, ఇటు ఆమె. వాడు కాల్ బొమ్మ వైపు... ఆమె ఫైర్‌వాల్ వైపు.

మౌస్ వదిలేసింది. కీబోర్డ్ లాక్కుంది. సబ్‌టైటిల్స్ రాసే వేళ్ళు. బాణంతో పనిలేదు వాటికి. నాలుగు మీటలు... ఆరు...

ఫైర్‌వాల్ ఆన్.

పెట్టె పైకి లేచింది.

జీవితంలో మొదటిసారి ఆమె చదువుతోంది. ప్రతి అక్షరం.

'యాంటీవైరస్ క్లీనర్... మీ స్క్రీన్‌ని, మీ కాల్స్‌ని... ఈ వైఫై లోనే ఉన్న పులి అనే కంప్యూటర్‌కి పంపాలనుకుంటోంది.'

పులి.

చిన్నప్పుడు అన్నదమ్ముల్లో అందరూ పిల్లి పిల్లి అని ఏడిపించేవాళ్ళని, కొన్న ప్రతి కంప్యూటర్‌కీ పులి అని పేరు పెట్టుకునే మనిషి ఈ కుటుంబంలో ఒక్కడే ఉన్నాడు. మరిది.

ఇన్నాళ్ళూ రోజూ ఈ పేరే. రోజూ ఈ పెట్టే. అలౌ నొక్కింది తనే.

బ్లాక్.

బాణం చచ్చినట్టు ఆగిపోయింది.

కాల్ ఇంకా మోగుతోంది.

"వదినా." మరిది గొంతులో ఏడుపు. "ఎత్తు. నీ కాళ్ళు పట్టుకుంటా. వాళ్ళు నన్ను బతకనివ్వరు. ఒక్కసారి ఎత్తు... ఫైర్‌వాల్ తీసి ఎత్తు."

"దాన్ని చిన్నప్పట్నుంచీ ఎరుగుదువు. నీకు చెల్లెలి లాంటిది కాదా?"

"నాకు ఇంకో దారి లేదు వదినా."

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ ట్యూన్ మోగుతున్నకొద్దీ వేళ్ళు లాగేస్తున్నాయి. ఎత్తితే చెల్లి మొహం కనపడుతుంది. రేపు మళ్ళీ కనపడుతుందో లేదో.

కానీ వాడు ఇంకే దారి తెరిచి ఉంచాడో. ఎత్తలేదు. మోగి మోగి, కాల్...

ఆగిపోయింది.

కాల్ ఎత్తలేదంటే ఏదో తేడా జరిగింది... చెల్లి ఆ క్షణమే అక్కడినుంచి వెళ్ళిపోవాలి. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెవులు కొరుక్కున్న ఒప్పందం అది. మూడో మనిషికి తెలియదు. మరిదికి అసలే తెలియదు.

పరుగెత్తవే... పరుగెత్తు.

ఫోన్ కట్టయింది.

వెనక బాల్కనీ మెట్ల మీద అడుగులు. తడి చెప్పుల చప్పుడు. ఒక జత కాదు.

ఆమె ఒక్క అంగలో హాలు తలుపు దగ్గరికెళ్ళి గడియ లాగింది.

బాబాయ్ చేతిలో టీ కప్పు. ఆమె మొహం చూశాడు. ఏమీ అడగలేదు. కప్పు కింద పెట్టాడు. నడుము దగ్గర తుపాకీ మీద చెయ్యి వేశాడు.

"ఎందరు?"

"తెలీదు బాబాయ్. ఒకడు... మావాడు."

"మంచం కిందికి దూరు. ఏం వినపడినా రాకు."

ఆయన గదిలోంచి బాల్కనీలోకి వెళ్ళాడు. తలుపు బయటినుంచి లాగేశాడు.

మంచం కింద చీకటి. దుమ్ము. చెంప కింద చల్లటి నేల.

"వదినా... తలుపు తియ్యి." బాల్కనీలోంచి మరిది గొంతు.

"కదలకండి." బాబాయ్ గొంతు.

ఢాం!

ఇంకోసారి... ఢాం!

ఎవరో మెట్ల మీంచి దొర్లుతున్నారు. ఎవరో పరుగెత్తిపోతున్నారు. గేటు కొట్టుకుంది. తర్వాత వాన చప్పుడు ఒక్కటే.

ఎవరు పడ్డారు?

ఎవరు మిగిలారు?

ఆమె నోట్లో చీర కొంగు కుక్కుకుంది.

టిక్.

టిక్. టిక్.

బటన్ల ఫోన్. ఎవరో నంబర్ నొక్కుతున్నారు.

"స్టేషనా?" బాబాయ్. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందట్లేదు. "నేనే. అంబులెన్స్ పంపండి..."

దగ్గు. తడి దగ్గు.

"కాదు... ఒకటి చాలదు. రెండు."